పొడుగు స్పీకర్‌లో అంత ఖాళీ ఎందుకు?

మా మేనల్లుడు కొత్త ఫ్లాట్‌లో ఒక గదిని పాటలు వినడానికే అట్టేపెట్టుకున్నాడు. పదకొండడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు. అందులోకి నేల మీద నిలబెట్టే స్పీకర్లు కొందామని నన్నూ షాపుకు వెంటబెట్టుకెళ్లాడు. వాటిని షాపువాళ్లు టవర్లంటారు. వాడి కూతురికి తొమ్మిదేళ్లు. తన భుజం దాకా వచ్చే స్పీకరు చుట్టూ రెండుసార్లు తిరిగి, వేళ్లతో తట్టి చూసి, "తాతయ్యా, పైనే ఏవో ఉన్నాయి. కిందంతా ఖాళీ. ఖాళీకి కూడా డబ్బులు తీసుకుంటారా?" అంది.

షాపతను నవ్వాడు గానీ, నాకు మాత్రం ఆ రోజు షాపులో వినపడ్డ మంచి ప్రశ్న అదొక్కటే అనిపించింది. ఆ ఖాళీ ఎందుకో తెలిస్తే ఏ స్పీకరు కొనాలో సగం తెలిసినట్టే. ఆ పిల్లకు అక్కడే నిలబడి చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

ముందు పైనున్న ఆ "ఏవో" సంగతి. మొహం మీది గుడ్డ తీస్తే గుండ్రంగా, మధ్యలో పల్లంగా ఉన్న బిళ్ల కనిపిస్తుంది. కాగితంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఆ బిళ్లను కోన్ అంటారు. దాని వెనక సన్నటి తీగచుట్ట, ఆ చుట్టకు దగ్గర్లో బలమైన అయస్కాంతం ఉంటాయి. ఆంప్లిఫయర్ నుంచి కరెంటు రాగానే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. చుట్టతో కోను, కోనుతో గాలి ఊగుతాయి. ఆ గాలి ఊపే మన చెవికి పాట. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు రైస్, కెలాగ్ ఈ ఏర్పాటును వివరిస్తూ వ్యాసం రాశారు. ఇవాళ్టి స్పీకర్లలో ఎక్కువ భాగం ఇంకా ఆ పద్ధతిలోనే పనిచేస్తున్నాయి.

చిక్కు ఎక్కడంటే, కోనుకు ముందు ఒక వైపు, వెనక ఒక వైపు ఉంటాయి. ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి నొక్కుకుంటుంది, సరిగ్గా అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. తాటాకు విసనకర్రను బాగా మెల్లగా ఆడించి చూడండి, గాలి మొహానికి తగలదు. ముందుకు నెట్టిన గాలి అంచుల మీదుగా జారుకుని వెనకనున్న వెలితిని పూడ్చేస్తుంది. గబగబా విసిరితే జారుకునే వ్యవధి ఉండదు కాబట్టి మొహానికి తగులుతుంది. కోను కూడా అంతే. సన్నటి స్వరాలకు వేగంగా ఊగుతుంది, ఆ శబ్దం ముందుకు వచ్చేస్తుంది. బొంగురు స్వరాలకు నెమ్మదిగా ఊగుతుంది, అప్పుడు ముందు వెనకలు కలిసిపోయి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పాత రేడియో విప్పిన వాళ్లకు ఇది తెలిసిందే. పెట్టెలోంచి బయటికి తీసిన స్పీకరు రేకుడబ్బాలా పీలగా పలుకుతుంది.

మా చిన్నప్పుడు ఊళ్లో సైకిల్ షాపతను టేప్ రికార్డర్‌కు తగిలించిన స్పీకరును మట్టికుండ మూతి మీద వెల్లకిలా పెట్టేవాడు. దాంతో పీల గొంతు కాస్తా గంభీరమైపోయేది. ఆయనకు ఏ సూత్రమూ తెలియదు, కానీ చేసింది సరైన పనే. వెనక గాలిని కుండలో బంధించాడు, ముందు గాలిని చెరిపే శత్రువు లేకుండా పోయింది. స్పీకరు పెట్టె మొదటి పని అదే.

మరి చిన్న కుండ చాలదా? సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి పిడిని నొక్కండి. మొదట సులువుగా దిగుతుంది, లోపల చోటు తగ్గేకొద్దీ స్ప్రింగులా ఎదురు తంతుంది. మూసిన పెట్టెలోని గాలి కోనును అలాగే ఎదురు తంతుంది. పెట్టె చిన్నదైతే ఆ స్ప్రింగు బిరుసు, పెద్దదైతే మెత్తన. పైగా అట్టడుగు స్వరాలకు కోను ఎక్కువ దూరం కదలాలి. ఎందుకంటే చెవికి వినపడే బిగ్గరతనం గాలిని ఎంత జోరుగా కుదిపామన్నదాన్ని బట్టి ఉంటుంది. నెమ్మదిగా ఊగుతూ అంతే జోరు తేవాలంటే ఊపు పెద్దది కావాలి. సెకనుకు 80 సార్లు ఊగే స్వరం కంటే 40 సార్లు ఊగే స్వరానికి, అదే బిగ్గరతనం రావాలంటే, కోను నాలుగింతల దూరం కదలాలి. రెండింతలు కాదు, నాలుగింతలు! అంత దూరం ఊగాల్సిన కోను వెనక బిరుసు స్ప్రింగు ఉంటే ఎలా? అందుకని లోపల చాలా గాలి కావాలి. మా మనవరాలు ఖాళీ అనుకున్నది ఆ మెత్తటి స్ప్రింగునే.

తర్వాత ఎవరికో ఇంకో ఆలోచన వచ్చింది. వెనక గాలిని బంధించి వృథా చేయడమెందుకు, దాన్నీ పనిలో పెడితే పోదా అని. ఖాళీ కూజా మూతి మీద అడ్డంగా ఊదితే బూ అని ఒకే ఒక్క స్వరం వస్తుంది. మెడలోని గాలి బరువులా, కడుపులోని గాలి స్ప్రింగులా ఊగడం వల్ల వచ్చే స్వరమది. కూజా పెద్దదైతే స్వరం కిందికి దిగుతుంది. స్పీకర్ల వెనకో ముందో కనిపించే గుండ్రటి కన్నం (పోర్ట్ అంటారు) ఆ కూజా మెడ లాంటిదే. కోను అలసిపోయే అట్టడుగు స్వరం దగ్గర ఈ కూజా పలికేలా కొలతలు వేస్తారు. అక్కడ కోను వెనక గాలి తన దిక్కు మార్చుకుని, ముందు గాలికి తోడై బయటికి వస్తుంది. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్‌కు దీనికి 1932లో పేటెంటు వచ్చింది. ఈ రోజు షాపులో కనిపించే టవర్లలో చాలావాటికి ఆ కన్నం ఉంటుంది.

స్పీకర్లు తయారుచేసేవాళ్లు ఒక మాట చెప్పుకుంటారు. కె.ఎల్.హెచ్. కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకరైన హాఫ్‌మన్ పేరు మీద దాన్ని ఇనుప సూత్రమంటారు. లోతైన బేస్ (అంటే అట్టడుగు స్వరాలు), తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం, చిన్న పెట్టె, ఈ మూడింట్లో రెండే అడగొచ్చు, మూడోది వదులుకోవాలి. చెప్పుల డబ్బా అంత స్పీకరు ఇల్లదరగొడుతుందని ఎవరైనా అంటే, ఈ మూడింట్లో దేన్ని వదిలారో అడగండి.

ఇక పొడుగు సంగతి. బల్ల మీద పెట్టే చిన్న స్పీకరును కూడా చెవి ఎత్తుకు తేవాలంటే కింద స్టాండు కావాలి. స్టాండు ఎలాగూ నేల మీద ఒక చదరపు అడుగు చోటు తినేస్తుంది. ఆ స్టాండు ఉండే చోటునే పెట్టెగా మార్చుకుంటే, అదనంగా నేల పోకుండా గాలి మాత్రం రెండు మూడు రెట్లు దొరుకుతుంది. అలా పుట్టినవే టవర్లు. అడ్డంగా లావుగా కాకుండా నిలువుగా పెరగడానికి మన ఇళ్లలో చోటు లేకపోవడమే ముఖ్య కారణం. నిలువు పెట్టెలో ఒకటికి రెండు మూడు కోనులు పట్టడం ఇంకో లాభం. డోలూ సన్నాయీ ఒకే మనిషి ఒకేసారి వాయించలేడు కదా. అలాగే బొంగురు స్వరాలకు పెద్ద కోను, సన్నటి స్వరాలకు అంగుళం వెడల్పున్న చిన్న గుమ్మటం, ఖరీదైనవాటిలో నడుమ గొంతుకు ఇంకో కోను పెడతారు. ఎవరి వాటా స్వరాలు వాళ్లకు పంచిపెట్టే సర్క్యూట్ లోపల ఉంటుంది.

ఇక్కడితో ఆపేస్తే, పెద్ద పెట్టె కొంటే సరి అనిపిస్తుంది. అసలు కథ ఇక్కడే అడ్డం తిరుగుతుంది.

స్నానాల గదిలో పాడుకునేవాళ్లందరికీ తెలిసిన విషయం ఒకటుంది. మంద్రంలోకి దిగుతూ ఉంటే ఏదో ఒక్క స్వరం దగ్గర గదంతా హూఁ అని పలుకుతుంది. ఆ స్వరం గదిది, మీ గొంతుది కాదు. శబ్దం ఒక గోడ నుంచి బయల్దేరి ఎదుటి గోడను తాకి వెనక్కి వస్తుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అప్పుడే తోస్తే ఊపు పెరిగినట్టు, వెళ్లిన అల తిరిగొచ్చే సమయానికి స్పీకరు ఇంకో అలను తోస్తే ఆ స్వరం ఉబ్బిపోతుంది. మన వాతావరణంలో ధ్వని సెకనుకు సుమారు 347 మీటర్లు పోతుంది. దాన్నుంచి వంటింటి లెక్క ఒకటి వస్తుంది. 570ని గది పొడవుతో, అడుగుల్లో, భాగించండి. వచ్చిన అంకె ఆ గది అన్నింటికంటే కింద హూఁ అనే స్వరం, హెర్ట్జ్‌లలో (సెకనుకు ఇన్ని ఊపులని).

మా మేనల్లుడి గదికి లెక్క వేశాం. పదకొండడుగుల పొడవుకు 52. పదకొండడుగుల వెడల్పుకూ 52. పదడుగుల కప్పుకు 57. మూడు దిక్కులూ కూడబలుక్కున్నట్టు ఒకే చోట హూఁ అంటున్నాయి! చదరపు గదికి ఉన్న శాపం అది. పైగా ఆ స్వరం గోడల దగ్గర ఉబ్బుతుంది, గది నట్టనడుమ దాదాపు మాయమవుతుంది. కుర్చీ గోడకు వేస్తే బేస్ చెవులు కమ్మేస్తుంది, నడుమ వేస్తే బేసే లేదనిపిస్తుంది. వాడు ముచ్చటపడ్డ స్పీకరుకు ఎనిమిదంగుళాల కోనులు రెండున్నాయి, 32 హెర్ట్జ్ దాకా దిగుతుందని కాగితం మీద రాసుంది. ఆ గదిలో దాన్ని పెడితే పాట వినం, గదిని వింటాం.

"డాలస్‌లో మా ఫ్రెండ్ ఇంట్లో ఇంతే గదిలో విన్నాను మామయ్యా, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు వాడు. నిజమే అయ్యుంటుంది. అక్కడి ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు చెక్క చట్రాల మీద బిగించిన జిప్సం పలకలు. బేస్ తగిలితే అవి కొద్దిగా ఊగి, కొంత శబ్దాన్ని తామే తినేస్తాయి. మన ఇటుక గోడ, కాంక్రీటు కప్పు కదలవు, వచ్చిన బేస్‌ను వచ్చినట్టే తిరిగి కొడతాయి. విదేశీ పత్రికల్లో బేస్ సరిపోలేదని రాసిన స్పీకరు మన గదిలో చక్కగా సరిపోవడం, అక్కడ మెచ్చుకున్నది ఇక్కడ గదంతా గుమ్మనడం అందుకే. ఎవరి సమీక్ష చదివినా వాళ్ల గోడలు దేనితో కట్టారో ముందు ఆలోచించండి.

సన్నటి స్వరాలకు శత్రువు నేల. మన ఇళ్లలో కింద టైల్స్, పైన నున్నటి ప్లాస్టరు. సామాను చేరని కొత్త ఇంట్లో చప్పట్లు కొడితే టర్రున గోడల మధ్య పరిగెత్తే చప్పుడు వినే ఉంటారు. ఆ గదిలో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా స, శ లు చెవిలో గుచ్చుకుంటాయి. ఇది మాత్రం చవగ్గా తీరే బాధ. దళసరి తివాచీ, మడతలు మడతలుగా వేలాడే పరదాలు, ఎత్తులు కలవని పుస్తకాలున్న అల్మారా, దూదిపరుపు వేసిన దివాను చాలా పని చేస్తాయి. ఎక్కడ పరదా వేయాలో పిల్లల చేత కనుక్కోవచ్చు. మీరు వినే చోట కూర్చోండి. పిల్లను అద్దం పట్టుకుని పక్కగోడ వెంట నడవమనండి. అద్దంలో మీకు స్పీకరు ఎక్కడ కనిపిస్తే, గోడ మీద పడి శబ్దం మీ చెవికి చేరేది అక్కడినుంచే. కాంతి ఎలా తిరిగొస్తుందో సన్నటి శబ్దమూ అలాగే తిరిగొస్తుంది. మా మనవరాలు ఈ ఆట గంటసేపు ఆడింది.

మరి మనకు ఎంత లోతు బేస్ కావాలి? అది మీరు వినే పాటను బట్టి. ఒకటో శ్రుతిలో పాడే మగ గాయకుడి తంబురాలో మంద్ర షడ్జం 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నిఖార్సుగా 50 దాకా దిగే స్పీకరు ఆ తంబురాను పూర్తిగా పలికిస్తుంది. పాత 78 ఆర్.పి.ఎం. రికార్డుల్లో లోతైన బేస్ ఉండేదే తక్కువ. ఘంటసాల పాత పాటలు, హరికథలు, కచేరీలు వినేవాళ్లు నడుమ గొంతు సాఫీగా ఉన్న స్పీకరుకు డబ్బు పెట్టాలి గానీ 30 హెర్ట్జ్‌కు కాదు. బేస్ గిటారు అడుగు తీగ 41 దగ్గర మోగుతుంది, ఇవాళ్టి సినిమా పాటల్లో ఎలక్ట్రానిక్ బేస్ అంతకన్నా కిందికి పోతుంది. అవి ఇష్టమైతే పెద్ద గది, పెద్ద పెట్టె తప్పవు.

కాగితం మీద ఉండే అంకెల్లో ఇంకొకటి చూడాలి, సెన్సిటివిటీ. నిర్ణీత వోల్టేజీ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. 87 ఉన్న స్పీకరు 90 ఉన్నదాని అంత బిగ్గరగా పలకాలంటే రెండింతల వాట్లు కావాలి. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వాట్లు రెట్టింపు. ఇక్కడో మెలిక ఉంది. కొలత 2.83 వోల్టుల దగ్గర తీసుకుంటారు. ఎనిమిది ఓమ్‌ల నిరోధమున్న స్పీకరు ఆ వోల్టేజీకి ఒక వాట్ తీసుకుంటే, నాలుగు ఓమ్‌లది రెండు తీసుకుంటుంది. అంకె పెద్దగా కనిపిస్తుంది, కరెంటు మీ ఆంప్లిఫయర్ మోస్తుంది. సెన్సిటివిటీ, ఓమ్‌లు, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకునే పోల్చాలి. మిగతా కాగితం మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

నమ్మాల్సింది చెవిని. అది కూడా కళ్లు మూసుకున్న చెవిని. కెనడాలోనూ తర్వాత అమెరికాలోనూ స్పీకర్ల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన ఫ్లాయిడ్ టూల్, తన సహచరుడు షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. అవే స్పీకర్లను అదే శ్రోతలకు ఒకసారి తెర వెనక, ఒకసారి కంటికి కనిపించేలా వినిపించారు. కనిపించగానే మార్కులు మారిపోయాయి. పెట్టె సైజు, పేరు, నునుపు, అన్నీ చెవిలోకి దూరాయి. ఆ రోజు షాపులో మా మనవరాలు తన చున్నీ తీసి తండ్రి కళ్లకు గంతలు కట్టింది. మూడు జతలు మార్చి మార్చి వినిపించాం. వాల్యూమ్ సమానంగా ఉంచడానికి ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకున్నాను. ఇది తప్పనిసరి. కొంచెం బిగ్గరగా ఉన్నది ఎప్పుడూ మేలనిపిస్తుంది, షాపువాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. వాడు మెచ్చింది మూడింట్లో చవకైన జతను. గంతలు విప్పాక కాసేపు నమ్మలేదు.

ఏం వినాలి? షాపువాళ్లు వేసే మెరుపుల పాట వద్దు. అందులో ప్రతి స్పీకరూ మెరుస్తుంది. మొదట ఒక మగవాడు మామూలుగా మాట్లాడే రికార్డింగు వినండి. కుండలోంచి మాట్లాడుతున్నట్టుంటే ఆ పెట్టె తనూ పాడుతోందన్నమాట. తర్వాత మృదంగం. కుడి పక్క చాపు చురుగ్గా తెగాలి, ఎడమ పక్క తొప్పి గుమకం జారుతూ వచ్చి ఆగాల్సిన చోట ఆగాలి. తొప్పి దెబ్బలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయితే ఆ బేస్ ఎంత లోతైనా దండగ. చివరగా లేచి రెండడుగులు పక్కకు నడవండి. గొంతు రంగు ఒక్కసారిగా మారిపోతే దాన్ని వదిలేయండి. పక్కలకు పోయిన శబ్దమే ఇంట్లో గోడల మీద పడి మళ్లీ మీ చెవికి వస్తుంది మరి.

ఇంటికి తెచ్చాక స్పీకర్లను మూలల్లో ఇరికించకండి. గోడ దగ్గరయ్యేకొద్దీ బేస్ ఉబ్బుతుంది, మూలలో రెండు గోడలూ కలిసి మరీ ఉబ్బిస్తాయి. పాల్ క్లిప్ష్ 1946 నుంచి తయారుచేసిన క్లిప్ష్‌హార్న్ లాంటివి దీనికి మినహాయింపు, మూలనే తమ పెట్టెలో భాగంగా వాడుకునేలా కట్టినవి. మిగతావాటిని గోడకు రెండడుగుల దూరంలో పెట్టి, జానెడు జానెడు జరుపుతూ వినడమే దారి. రెండు స్పీకర్లూ మీరూ సమాన దూరంలో ముక్కోణంలా ఉండాలి. కుర్చీలో కూర్చుంటే చెవి దాదాపు మీటరు ఎత్తున ఉంటుంది, చాలా టవర్లలో పై గుమ్మటం ఎత్తూ అంతే. మీరు చాప మీద కూర్చుని వినేవారైతే చెవి ఓ మూరెడు కిందికి దిగుతుంది, పైనున్న గుమ్మటం శబ్దమూ కింది కోను శబ్దమూ సమయం తప్పి చేరి గొంతు డొల్లగా వినిపిస్తుంది. వెనక కాళ్ల కింద పలచటి బిళ్లలు పెట్టి స్పీకరును కాస్త ముందుకు వంచండి. పడిపోనంతే సుమా, చిన్నపిల్లలున్న ఇంట్లో వెడల్పాటి అడుగు పలక ఉన్నవే కొనాలి. బేస్ ఒక్కసారిగా మాయమైందనిపిస్తే, ముందు ఏదో ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయేమో చూడండి. ఒక కోను ముందుకొస్తుంటే ఇంకోటి వెనక్కి పోతుంది, మళ్లీ విసనకర్ర కథే.

మా మేనల్లుడి స్పీకర్లు చివరికి ఆ చదరపు గదిలోకి వెళ్లలేదు. ఇరవై రెండడుగుల పొడవు, పదమూడడుగుల వెడల్పు ఉన్న హాల్లో పెట్టాం. లెక్క వేస్తే 26, 44. ఎక్కడివక్కడ విడివిడిగా ఉన్నాయి. మనవరాలికి ఆ చిన్న గది చదువుకోవడానికి దక్కింది. ఆరంగుళాల కోనులు రెండేసి ఉన్న సన్నటి జత, గోడకు రెండడుగుల మూడంగుళాల దూరంలో నిలబడింది. సరైన చోటు దొరకడానికి మూడు ఆదివారాలు పట్టింది. అది దొరికిన నాలుగో రోజు ఇల్లు తుడిచే ఆమె రెండింటినీ శుభ్రంగా గోడకు ఆనించి పెట్టింది. మీకు చోటు కుదిరిన వెంటనే పెట్టె నాలుగు మూలల దగ్గరా నేల మీద రంగు టేపు అంటించుకోండి.